మారుతి 800 కార్బురేటర్ బండి: మొగిలి ఘాట్‌లో వేడెక్కుతోంది, ఇంజిన్ విప్పాల్సిందేనా?

చిత్తూరు_800

అందరికీ నమస్కారం. 1996 మోడల్ మారుతి 800, కార్బురేటర్ బండి, ఏసీ ఉండాది. ఏపీ 03 రిజిస్ట్రేషన్. మీటరు కేబుల్ ఎప్పుడో తెగిపోయింది, కాబట్టి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఎవరికీ తెలీదు.

ఇప్పుడు బండిలో ఉన్న సమస్యలు ఇవి. చిత్తూరు నుంచి పలమనేరుకు పోయేటప్పుడు మొగిలి ఘాట్ ఎక్కుతా ఉంటే టెంపరేచర్ ముల్లు ముక్కాలు దాటి పైకి పోతాది. ఏసీ వేస్తే ఇంకా తొందరగా. ఊళ్లో తిరిగినప్పుడు మామూలుగానే ఉంటాది. రెండోది, ఎండలో పది పదిహేను నిమిషాలు ఆపి మళ్లీ సెల్ఫ్ కొడితే తీసుకోదు, అరగంట ఆగితే ఏమీ కానట్టు స్టార్ట్ అవుతాది. మూడోది, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఒకసారి నీలం పొగ వచ్చి పోతాది. ఆయిల్ కూడా కొంచెం తగ్గతా ఉంది.

ఒక మెకానిక్కు చూసి "రింగులు పోయినాయి, బోరింగ్ చేయాల, లేదంటే పాత ఎంపీఎఫ్ఐ ఇంజిన్ తెచ్చి పెట్టేద్దాం" అన్నాడు. (రింగులంటే పిస్టన్ చుట్టూ ఉండేవి, బోరింగ్ అంటే అరిగిన సిలిండర్‌ను కోసి పెద్దది చేయడం, ఎంపీఎఫ్ఐ అంటే కార్బురేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే ఇంజిన్.) ఇంజిన్ విప్పక ముందు ఏమేం చూసుకోవాలి? ఆయిల్ ఎంత, ప్లగ్ గ్యాప్ ఎంత, టాపెట్ (వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు) ఎంత అనే లెక్కలు కూడా తెలిసినవాళ్లు చెప్తే మేలు.

టాపెట్_కవర్

అన్నా, మీరు చెప్పిన మూడు లక్షణాల్లో ఒక్కటి కూడా నేరుగా రింగులను చూపించడం లేదు. బోరింగ్ మాట కొన్నాళ్లు పక్కన పెట్టండి.

ముందు లెక్కలు. ఇది సుజుకి ఎఫ్8బి ఇంజిన్. 796 సీసీ, మూడు సిలిండర్లు, బోర్ 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 72. సిలిండర్‌కు రెండేసి చొప్పున ఆరు వాల్వులు, పైన ఒకే క్యామ్‌షాఫ్ట్, దాన్ని తిప్పేది టైమింగ్ బెల్టు. బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. ఈ జంట వల్లే వేడెక్కితే ముందు దెబ్బ తినేది హెడ్డు. పవర్ నలభై హార్స్‌పవర్ లోపే, కానీ బండి బరువు 650 కిలోల దరిదాపే కాబట్టి సరిపోతుంది. ఫైరింగ్ ఆర్డర్ 1-3-2, ఒకటో సిలిండర్ టైమింగ్ బెల్టు వైపుది. ప్లగ్ గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. డెల్కో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) మూత తీస్తే లోపల పాయింట్లు కనిపిస్తే వాటి గ్యాప్ 0.4 నుంచి 0.5. టాపెట్లు చల్లటి ఇంజిన్ మీద 0.15, వేడి మీద 0.25, ఇన్‌లెట్‌కీ ఎగ్జాస్ట్‌కీ అదే కొలత. ఐడిల్ 850 నుంచి 900 ఆర్పీఎం. ఆయిల్ 20డబ్ల్యూ-40 లేదా 20డబ్ల్యూ-50. రెండున్నర లీటర్లు పోసి, ఇంజిన్ ఒక నిమిషం తిప్పి, ఆపి, అయిదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి మిగతాది పోయండి. డబ్బా మొత్తం ఒకేసారి వంచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ గుండా ఎయిర్ క్లీనర్‌లోకి వచ్చి, అది కూడా పొగే అవుతుంది.

ఇక పొగ సంగతి. పొద్దున్నే ఒకసారి వచ్చి ఆగిపోయే నీలం పొగ వాల్వ్ సీల్స్‌ది. రాత్రంతా ఆయిలు వాల్వ్ గైడ్ గుండా బొట్లు బొట్లుగా దిగి సిలిండర్‌లో చేరుతుంది, స్టార్ట్ కాగానే కాలిపోతుంది. దీన్ని నిర్ధారించుకోవడానికి మీకు మొగిలి ఘాటే మంచి చోటు. పలమనేరు వైపు నుంచి దిగేటప్పుడు మూడో గేరులో యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి రండి, కింద చదును రోడ్డు రాగానే గట్టిగా తొక్కి వెనక అద్దంలో చూడండి. అప్పుడు గుప్పుమని వస్తే సీల్స్ లేదా గైడ్లు. అదే రింగులు పోయి ఉంటే ఘాట్ ఎక్కేటప్పుడు, లోడ్ మీద, ఆగకుండా పొగ వస్తుంది. ఆయిల్ మూత తీసి చూస్తే అందులోంచి కూడా పుక్‌పుక్‌మని గాలి తన్నుతుంది.

అయినా కంప్రెషన్ చూడకుండా ఎవరి మాటా నమ్మొద్దు. ఇంజిన్ వేడెక్కాక మూడు ప్లగ్గులూ తీసేయండి. కాయిల్ నుంచి డెల్కోకి వచ్చే మెయిన్ వైరు పీకి బాడీకి ఎర్త్ చేయండి. ఒకరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి, గేజ్ ముల్లు పెరగడం ఆగేదాకా. బ్యాటరీ ఫుల్ చార్జింగ్‌లో లేకపోతే అంకెలు తప్పు వస్తాయి. ప్లగ్ రంధ్రాల్లోంచి పెట్రోలు ఆవిరి బయటికి తన్నుతుంది, పక్కన బీడీ కాల్చేవాళ్లని దూరంగా పంపించండి. చదరపు సెంటీమీటరుకు 12 కేజీలు, ఆ పైన వస్తే ఇంజిన్ బాగున్నట్టు. 10 కిందికి పోతే ఆలోచించాలి. సిలిండర్‌కీ సిలిండర్‌కీ మధ్య 1 కేజీకి మించి తేడా ఉండకూడదు. ఒకటి తక్కువ వస్తే ఆ రంధ్రంలో ఒక టీస్పూన్ ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు లేదా హెడ్ గ్యాస్కెట్టు (హెడ్డుకూ బ్లాకుకూ మధ్య వేసే పొర). పక్కపక్కనున్న రెండు సిలిండర్లు ఒకేలా పడిపోయి ఉంటే గ్యాస్కెట్టు ఆ రెండింటి మధ్య కాలినట్టే అనుకోవచ్చు.

టాపెట్లు మాత్రం కంప్రెషన్ చూడక ముందే సరిచేయండి. బిగుసుకుపోయిన ఎగ్జాస్ట్ టాపెట్టు వాల్వును పూర్తిగా మూసుకోనివ్వదు. కంప్రెషన్ తక్కువ చూపిస్తుంది, ఘాట్‌లో ఆ వాల్వు కాలిపోతుంది కూడా. ఈ ఇంజిన్‌లో టాపెట్ శబ్దం వినిపిస్తే కొంతమంది గ్యాప్ తగ్గించి నోరు మూయిస్తారు. కొంచెం టకటకమనే ఇంజినే నయం.

బోరునీళ్లు

వేడి గురించి నేను చెప్తా. మన జిల్లాలో ఈ ఇంజిన్లను చంపేది వయసు కాదు, బోరు నీళ్లు. రేడియేటర్‌లో ఏళ్ల తరబడి బోరు నీళ్లే పోస్తే సున్నం పేరుకుని ట్యూబులు మూసుకుపోతాయి, హెడ్డులో అల్యూమినియం తినేసి పోతుంది. ఊళ్లో తిరిగినప్పుడు సగం ట్యూబులు పని చేసినా సరిపోతుంది, ఘాట్‌లో సరిపోదు. మీ లక్షణం సరిగ్గా అదే.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు క్యాప్ తీసి చూడండి. నీళ్లు తుప్పు రంగులో ఉన్నాయా? ట్యూబుల మూతుల దగ్గర తెల్ల పొర ఉందా? ఉంటే బండిలో పెట్టి ఫ్లష్ చేస్తే చాలదు. రేడియేటర్ దింపి, పాత రాగి ఇత్తడి రేడియేటర్ అయితే ట్యాంకు విప్పించి ట్యూబుల్లో రాడ్డు కొట్టించాలి. ప్లాస్టిక్ ట్యాంకుల అల్యూమినియం రేడియేటర్ అయితే రిపేరు మీద ఖర్చు పెట్టకుండా కొత్తది వేసేయండి.

తర్వాత క్యాప్. దాని మీద 0.9 అని ఉండాలి, అంటే 0.9 కేజీల ప్రెషర్. ఆ ప్రెషర్ నిలబడితే నీళ్లు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు గట్టిపడిన క్యాప్‌తో వంద దగ్గరే మరిగి రిజర్వ్ ట్యాంకులోకి తన్నేస్తాయి. బండి చల్లారాక రిజర్వ్ ట్యాంకులోని నీళ్లు వెనక్కి పోకుండా అక్కడే ఉన్నాయంటే క్యాప్ మధ్యలోని చిన్న వాల్వు పని చేయడం లేదు. ఇంత చౌక వస్తువు వల్ల హెడ్డు పోయిన బండ్లు ఎన్నో.

థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) ఉందో లేదో చూసుకోండి. పాత 800లలో సగానికి పైగా దాన్ని ఎవరో ఒకరు పీకేసి ఉంటారు, "మన ఎండలకు అవసరం లేదు" అని. అది లేకపోతే నీళ్లు ఎప్పుడూ ఒకే ఊపున తిరుగుతా ఉంటాయి. పొద్దున పూట, చదును రోడ్డు మీద ఇంజిన్ చాలినంత వేడెక్కదు, చోక్ ఎక్కువసేపు పట్టుకోవాల్సి వస్తుంది, పెట్రోలు ఆయిల్‌లో కలుస్తుంది, బోరు అరుగుతుంది. పైగా అది పీకేస్తే మూసుకుపోయిన రేడియేటర్ సంగతి ఊళ్లో తిరిగినన్నాళ్లు బయటపడదు, ఘాట్‌లో పడుతుంది. కొత్తది కొనేటప్పుడు దాని మీద 82 అనే అంకె చూడండి. బిగించక ముందు గిన్నెలో నీళ్లు పెట్టి, దారంతో వేలాడదీసి మరగబెట్టండి. నీళ్లు బుడగలు రాకముందే అది తెరుచుకోవడం మొదలవ్వాలి.

ఫ్యాన్. తిరుగుతోందా అన్నది ప్రశ్న కాదు, ఎంత స్పీడుగా తిరుగుతోంది అన్నది ప్రశ్న. బ్రష్‌లు అరిగిన మోటారు తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం లాగదు. ఫ్యాన్ తిరిగేటప్పుడు రేడియేటర్ ముందు ఒక న్యూస్‌పేపర్ కాగితం పెడితే అతుక్కుని నిలబడాలి. వైర్లు తిరగేసి కలిపితే ఫ్యాన్ ఉల్టా తిరిగి గాలిని ముందుకు తోస్తుంది, ఇది కూడా కాగితం పరీక్షలోనే దొరికిపోతుంది. స్విచ్ అనుమానం ఉంటే దాని రెండు వైర్లూ కలిపి కీ ఆన్ చేయండి, ఫ్యాన్ తిరిగితే స్విచ్ పోయినట్టు. డ్యాష్‌బోర్డులో విడిగా స్విచ్ పెట్టి డైరెక్ట్ చేయించుకోవడం తాత్కాలికానికే, ఒకరోజు వేయడం మర్చిపోతారు. మీకు ఏసీ ఉంది కాబట్టి ముందున్న కండెన్సర్ కూడా చూడండి. దుమ్మూ పురుగులూ నిండిపోయి ఉంటే రేడియేటర్‌కు గాలే అందదు. నీళ్ల పైపుతో వెనక నుంచి ముందుకు కడగాలి, ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి.

వాటర్ పంపును తిప్పేది ఆల్టర్నేటర్ బెల్టే. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే 6 నుంచి 9 మిల్లీమీటర్లు దిగాలి. పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ తడి కానీ ఎండిన చార కానీ కనిపిస్తే లోపల సీలు పోయింది. రంధ్రానికి ఎంసీల్ పెట్టి మూసే మహానుభావులూ ఉన్నారు. మూస్తే నీళ్లు బేరింగ్‌లోకి పోయి మొత్తం పంపే పోతుంది.

ఇవన్నీ అయ్యాక నింపేది డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి. బ్యాటరీ అంగళ్లలో డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది. మొత్తం మూడున్నర లీటర్ల దరిదాపు పడుతుంది. మనకు మంచు భయం లేదు కాబట్టి మూడో వంతు కూలెంట్ చాలు, తుప్పు పట్టకుండా ఉండటానికే అది. హీటర్ లివర్ వేడి వైపు పెట్టి, క్యాప్ తీసి ఉంచి, ఇంజిన్ ఐడిల్‌లో తిప్పండి. బుడగలు ఆగి పై హోస్ వేడెక్కేదాకా కొంచెం కొంచెంగా నింపుతూ ఉండండి. గాలి లోపల మిగిలిపోతే అంతా బాగున్నా ముల్లు ఎగిరెగిరి పడుతుంది.

హెడ్ గ్యాస్కెట్టు అనుమానం తీర్చుకోవాలంటే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రెండు నిమిషాల్లో పై హోస్ పట్టుకోండి. నీళ్లు ఇంకా వేడెక్కకుండానే హోస్ రాయిలా గట్టిపడితే సిలిండర్ గ్యాస్ నీళ్లలోకి వస్తోంది. అప్పుడు మాత్రమే హెడ్డు దింపాలి. దింపితే స్టీలు స్కేలు పెట్టి ఫీలర్ గేజ్‌తో చూడండి. 0.05 మిల్లీమీటర్ కన్నా ఎక్కువ వంకర ఉంటే ఫేసింగ్ (మెషిన్ మీద చదును) చేయించాలి. బిగించేటప్పుడు నడి మధ్య బోల్టుల నుంచి బయటికి, మూడు విడతల్లో, 5.5 నుంచి 6 కేజీ-మీటర్ల టార్క్ దాకా. టార్క్ రెంచ్ లేని చోట హెడ్డు దింపనివ్వకండి.

సోలెక్స్_గారు

వేడి మీద స్టార్ట్ కాకపోవడం వేరే సమస్య, కూలింగ్ బాగుచేస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. పెట్రోలు పంపు హెడ్డు మీదే ఉంటుంది, క్యామ్‌షాఫ్ట్ దాన్ని కొడుతూ ఉంటుంది. బండి ఆపగానే గాలి ఆగిపోయి హెడ్డు వేడంతా పంపుకూ కార్బురేటర్‌కూ ఎక్కుతుంది. ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు మరిగి మ్యానిఫోల్డ్‌లోకి పొంగుతుంది. అంటే పెట్రోలు అందక కాదు, ఎక్కువై తీసుకోవడం లేదు. అప్పుడు చోక్ లాగడం, యాక్సిలరేటర్ మళ్లీ మళ్లీ తొక్కడం పూర్తిగా తప్పు. ఒకేసారి యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కి పట్టుకుని, కదపకుండా, సెల్ఫ్ అయిదారు సెకన్లు కొట్టండి. అందుకుంటుంది.

శాశ్వతంగా తగ్గించాలంటే కార్బురేటర్ కింద ఉండే మందపాటి ఇన్సులేటర్ చూడండి. దాని బదులు పల్చటి కాగితం గ్యాస్కెట్టు వేసిన బండ్లున్నాయి. పెట్రోలు పంపుకి మూడు పైపులుంటాయి. వచ్చేది, కార్బురేటర్‌కు పోయేది, ట్యాంకుకు తిరిగిపోయేది. ఆ మూడోది మడతపడినా మూసుకుపోయినా ఆవిరికి బయటికి దారి ఉండదు. పైపు పీకి నోటితో ఊదితే ట్యాంకులో గుడగుడ వినిపించాలి.

డిప్‌స్టిక్ వాసన చూడండి. ఆయిల్ లెవల్ తగ్గాల్సింది పోయి పెరుగుతూ పెట్రోలు వాసన వస్తే పంపు డయాఫ్రం చిరిగి పెట్రోలు ఇంజిన్‌లోకి కారుతోంది. అలాంటి ఆయిల్‌తో ఒక్క రోజు కూడా నడపొద్దు, బేరింగులు పోతాయి.

ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఈ బండి తయారైనప్పుడు ఇథనాల్ ఊసే లేదు. మామూలు పెట్రోలుకు ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి చాలితే ఈ20కి సుమారు 13.5 పాళ్లే కావాలి. ఎంపీఎఫ్ఐ బండిలో ఆక్సిజన్ సెన్సార్ చూసి కంప్యూటర్ సరిచేసుకుంటుంది. కార్బురేటర్ జెట్టుకు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రానికి) ఆ తెలివి లేదు, కాబట్టి మిక్స్చర్ పల్చబడుతుంది. పల్చటి మిక్స్చర్‌తో ఘాట్ ఎక్కితే వేడి, జర్కు రెండూ ఉంటాయి. ముందు కార్బురేటర్ సర్వీస్ కిట్టు వేసి, జెట్లు గాలితో ఊది, ఫ్లోట్ లెవల్ సరిచేసి, అప్పుడు కూడా ప్లగ్గు మొన సున్నంలా తెల్లగా వస్తేనే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచే మాట ఎత్తండి. గోధుమ రంగు వస్తే ముట్టుకోవద్దు. జెట్టును సూదితో గెలికి పెద్దది చేసే పని అసలు వద్దు, మళ్లీ వెనక్కి రాదు.

పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కు ఉబ్బి, పగిలి, లోపలి నుంచి నల్లగా రాలుతాయి. ఇంజిన్ బేలోవీ ట్యాంకు దగ్గరివీ అన్నీ మార్చేయండి, పైపు మీద ఎస్ఏఈ జె30 ఆర్9 అని ముద్ర ఉన్నది అడగండి. యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం చూడటానికి ఎయిర్ క్లీనర్ తీసి, ఇంజిన్ ఆపి ఉండగా యాక్సిలరేటర్ లివర్ లాగండి. లోపల సన్నటి ధార గట్టిగా కొట్టాలి. చుక్కలుగా రాలితే తొక్కినప్పుడు బండి ఒక క్షణం చచ్చి లేస్తుంది. స్లోలో ఆగిపోయే అలవాటు కూడా ఉంటే ఐడిల్ సోలినాయిడ్ వైరు పీకి మళ్లీ తగిలించండి, కీ ఆన్‌లో టిక్‌మనాలి.

మిక్స్చర్ స్క్రూ చెవితో కాకుండా పొల్యూషన్ సెంటర్ మెషిన్ పెట్టి సెట్ చేయించడం మేలు. భారత్ స్టేజ్-2 కన్నా ముందు బండ్లకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం దాకా అనుమతి. సర్టిఫికెట్ కోసం స్క్రూ పూర్తిగా బిగించి 0.5 తెప్పించి సంతోషపడొద్దు, అది రోడ్డు మీద వేడిగా మారుతుంది.

చిత్తూరు_800

చాలా థ్యాంక్స్ అన్నా, సార్. టాపెట్లు సెట్ చేయించి కంప్రెషన్ చూపించినా. వరసగా 11.8, 11.5, 12. ఆయిల్ పోసి చూస్తే పెద్దగా పెరగలేదు. థర్మోస్టాట్ హౌసింగ్ విప్పితే లోపల ఏమీ లేదు, ఖాళీ. రేడియేటర్ పైనుంచి చూస్తే తెల్ల పొర ఉండాది. పై హోస్ చల్లటి ఇంజిన్‌తో గట్టిపడలేదు. ఎంపీఎఫ్ఐ ఇంజిన్ మార్పు గురించి ఎవరూ చెప్పలేదు, అది మంచిదేనా?

టాపెట్_కవర్

ఆ అంకెలు వచ్చిన ఇంజిన్‌ను బోరింగ్‌కు ఇవ్వడం డబ్బు పారేసుకోవడం. సీల్స్ మార్పించండి, అవి హెడ్డు దింపకుండానే మార్చొచ్చు. ప్లగ్ రంధ్రం గుండా కంప్రెసర్ గాలి పట్టి ఉంచితే వాల్వు కింద పడదు, పైన రాకర్ షాఫ్ట్ విప్పి, స్ప్రింగ్ నొక్కి, పాత సీలు లాగి కొత్తది నొక్కడమే. కాటర్లు (వాల్వు స్ప్రింగ్‌ను పట్టి ఉంచే ముక్కలు) చిన్నవి, ఆయిల్ దారుల్లో పడకుండా గుడ్డలు కుక్కమనండి. వాల్వు కాడ చేతికి అటూ ఇటూ బాగా ఊగితే మాత్రం గైడ్లు అరిగినట్టు, అప్పుడు సీల్స్ ఒక్కటే వేస్తే కొన్ని నెలలే.

రాకర్ కవర్ ఎలాగూ విప్పుతారు కాబట్టి ఆ వైపు ఆయిల్ కారే చోట్లన్నీ ఒకే దెబ్బకు చూడండి: కవర్ గ్యాస్కెట్టు, క్యామ్ చివర డెల్కో కూర్చునే చోట ఓ-రింగు, ముందు వైపు క్యామ్ సీలు, క్రాంక్ సీలు. ముందు సీళ్ల నుంచి కారిన ఆయిల్ టైమింగ్ బెల్టు మీద పడితే బెల్టు మెత్తబడి పళ్లు ఊడిపోతాయి. మీటరు పని చేయని బండి కాబట్టి బెల్టు ఎప్పుడు వేశారో తెలిసే దారి లేదు. తెలియకపోతే మార్చేయడమే, టెన్షనర్ బేరింగ్‌తో కలిపి. క్యామ్ పుల్లీ గుర్తు, క్రాంక్ పుల్లీ గుర్తు రెండూ కలిశాక బెల్టు వేసి, టెన్షనర్ స్ప్రింగ్‌కు వదిలి, క్రాంకును పానాతో గడియారం ముల్లు తిరిగే వైపు రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూసి, అప్పుడు టెన్షనర్ బోల్టు బిగించాలి. ఒక పన్ను తప్పినా ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, ఘాట్‌లో మాత్రం లాగదు.

ఎంపీఎఫ్ఐ మార్పు అంటే ఇంజిన్ ఒక్కటే కాదు. కంప్యూటర్, మొత్తం వైరింగ్, ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు, ప్రెషర్ తట్టుకునే పైపులు, సైలెన్సర్‌లో ఆక్సిజన్ సెన్సార్, అన్నీ రావాలి. సగం తెచ్చి సగం అతుకులతో నడిపించిన బండి రోడ్డు మీద ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. పైగా ఇంజిన్ నంబర్ మారుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ముందుగా ఆర్టీవో ఆఫీసులో అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. లేకపోతే రీ-రిజిస్ట్రేషన్‌కు, ఫిట్‌నెస్‌కు పోయినప్పుడు ఇంజిన్ నంబర్ కలవక అక్కడే ఇరుక్కుంటారు, ఇన్సూరెన్స్ క్లెయిమూ రాదు.

బోరునీళ్లు

థర్మోస్టాట్ లేదు, రేడియేటర్‌లో సున్నం ఉంది. మీకు కావలసిన జవాబు దొరికినట్టే. రేడియేటర్ ముందు, థర్మోస్టాట్ తర్వాత. మూసుకుపోయిన రేడియేటర్‌తో కొత్త థర్మోస్టాట్ వేస్తే ఇంకా తొందరగా వేడెక్కుతుంది, అప్పుడు "చూశారా, ఇది వేస్తేనే వేడెక్కింది" అని మళ్లీ పీకేస్తారు.

డెల్కో కూడా ఒకసారి చూడండి. వ్యాక్యూమ్ పైపు పీకి నోటితో పీలిస్తే లోపల ప్లేటు కదిలి అక్కడే నిలబడాలి, నిలబడకపోతే డయాఫ్రం చిల్లు. కానీ ఘాట్‌లో ఫుల్‌గా తొక్కినప్పుడు వ్యాక్యూమ్ ఉండదు, అప్పుడు టైమింగ్ ముందుకు జరిపేది లోపలి బరువులు, స్ప్రింగులు. రోటర్ చేత్తో తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. తుప్పు పట్టి ఇరుక్కుంటే టైమింగ్ వెనకబడి మంట ఎగ్జాస్ట్‌లోకి పోతుంది, ముల్లు పైకి పోతుంది, పికప్ చస్తుంది.

అన్నీ చేశాక మొగిలి ఎక్కేటప్పుడు మూడో గేరులో గుంజుకుంటూ పోవద్దు. బండి బరువుగా అనిపించగానే రెండులోకి దించండి. స్పీడు తగ్గినా ఇంజిన్ తిరగడం పెరుగుతుంది, దాంతో పాటు వాటర్ పంపూ తిరుగుతుంది. మొదటిసారి ఏసీ లేకుండా ఎక్కి ముల్లు ఎక్కడ నిలిచిందో గుర్తు పెట్టుకుని, రెండోసారి ఏసీతో ఎక్కండి. ఏసీతో మాత్రమే పెరిగితే కండెన్సర్, ఫ్యాన్ దగ్గరికే మళ్లీ రావాలి.

చిత్తూరు_800

రేడియేటర్ రేపు దింపిస్తా ఉన్నాం, రాగిదే అంట. పైపులు, బెల్టు, సీల్స్ కిట్టు లిస్టు రాసుకున్నా. రాడ్డు కొట్టించినాక లీకు టెస్టు ఎంత ప్రెషర్ పెట్టించమంటారు?

బోరునీళ్లు

క్యాప్ 0.9 కాబట్టి 1 కేజీ దాటించొద్దు, పాత అతుకులు తట్టుకోవు. నీళ్ల తొట్టిలో ముంచి గాలి పెట్టి, కనీసం అయిదు నిమిషాలు మీరే దగ్గరుండి బుడగలు చూడండి. కింది ట్యాంకు మూలలు, డ్రెయిన్ ప్లగ్ చుట్టూ ముఖ్యంగా.